కిటికీ పక్కన మా పెళ్లి బల్ల

సెప్టెంబర్ 6, 1983. మంగళవారం

ఈ రోజు మా బల్ల మీద గుడ్డ మార్చాను. తెల్లది తీసేసి లేత పసుపుది పరిచాను. తెల్లదానికి కిటికీ వైపు అంచు ఎండకు రంగు మారిపోయింది. పసుపు మీద, అంచున నీలి తీగ వేసిన ప్లేట్లు ఇంకా బాగా కనబడుతున్నాయి. కోల్‌మన్ చూస్తే "ఏంటి తేడా?" అంటాడు. అతనికి ఏ పళ్లెంలో పెట్టినా ఒకటే, అందులో ఏముందన్నదే ముఖ్యం.

ఇమోజీన్ పెద్దమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని చూస్తూనే ఉంది. "అది నాలుగో గుడ్డ, వెర్నా" అంది. "మూడోది" అన్నాను. నాలుగోదే.

పెద్దమ్మ కానుకల షాపులో ఉన్నవి ఆరు బల్లలు. పదేళ్లుగా వాటిని సర్దేది నేనే. ఊళ్లో ఏ పిల్లకు పెళ్లి కుదిరినా నా దగ్గరికి వచ్చి ప్లేట్లూ గ్లాసులూ చెంచాలూ ఎంచుకుంటుంది. నేను వాటిని ఇద్దరు భోజనానికి కూర్చోబోతున్నట్టు ఒక బల్ల మీద అమరుస్తాను. ఇద్దరి పేర్లూ రాసిన అట్ట నిలబెడతాను. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి చూసి, బాగుందనో బాగాలేదనో అనుకుని, ఆ రకంలోనే తలా ఒకటి కొని కానుక ఇస్తారు. పెళ్లి అయిపోగానే ఆ బల్ల ఎత్తేసి ఇంకో పిల్లది పెడతాను. ఎంతమందికి పెట్టానో లెక్క లేదు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాక, ఈ ఏప్రిల్‌లో, కిటికీ పక్కనున్న మంచి బల్ల నాకోసం సర్దుకున్నాను. అట్ట మీద "వెర్నా జో ప్రూయిట్, కోల్‌మన్ లెడ్‌బెటర్" అని నా చేత్తో నేనే రాశాను.

పెళ్లి జూన్‌లో అనుకున్నాం. జూన్‌లో సముద్రంలో చమురు బావి దగ్గర మనుషులు తక్కువై అతనికి సెలవు దొరకలేదు. తుఫానుల కాలం వెళ్లాక చేసుకుందాం అన్నాడు. అంటే నవంబర్. నవంబర్ ఎంతో దూరంలో లేదు.

సెప్టెంబర్ 8

టపా వచ్చింది. అతని నుంచి ఏమీ లేదు.

సెప్టెంబర్ 9, శుక్రవారం

పెళ్లి కాకముందు అత్తింటి పేరులోని అక్షరం నాప్‌కిన్ల మీద కుట్టించకూడదని వచ్చిన ప్రతి పెళ్లికూతురికీ నేనే చెబుతాను. "పెళ్లయ్యేదాకా నీ పేరు నీదే, తొందరపడితే ఊరు నవ్వుతుంది" అని పెద్ద ఆరిందాలా చెబుతాను. నావి మాత్రం మార్చిలోనే కుట్టించేశాను. డజను నాప్‌కిన్లు, మంచి నార గుడ్డ, మధ్యలో లెడ్‌బెటర్ వాళ్ల ఎల్ అక్షరం నీలి దారంతో. ఈ సంగతి కుట్టిన ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. బల్ల మీద పెట్టేటప్పుడు అక్షరం లోపలికి పోయేలా మడతపెడతాను.

ఈ రోజు ఒకదాన్ని అక్షరం పైకి కనబడేలా పెట్టాను. మధ్యాహ్నం తీసి మళ్లీ మడతపెట్టాను.

సెప్టెంబర్ 14, బుధవారం

పాస్టర్‌గారి భార్య మిస్ లర్లీన్ వచ్చింది. పెళ్లయినా సరే, మా ఊళ్లో పెద్దావిడలను మిస్ అనే పిలుస్తాం. కొవ్వొత్తుల కోసం అంది. కొవ్వొత్తులు తలుపు దగ్గరే ఉంటాయి. ఆవిడ తిన్నగా కిటికీ దాకా నడిచింది.

"నీ బల్ల ఇంకా ఇక్కడే ఉందే" అంది.

"ఎక్కడికి పోతుందండీ? కాళ్లు నాలుగున్నాయి గానీ నడవడం రాదు."

"అబ్బే, ఊరికే అన్నా. ఏవన్నా పోతున్నాయా మరి నీవి?"

"పోతున్నాయండీ."

"మా అమ్మాయి పెళ్లికి ఉడికించిన గుడ్లు పెట్టే పళ్లేలే ఐదొచ్చాయి తల్లీ. ఒక్కో పళ్లెంలో పన్నెండు గుంటలు. ఊరందరి కోళ్లూ పెట్టినా నిండవు."

"నాకు రెండే వచ్చాయండీ. ఇంకా మూడింటికి చోటుంది. చూపించమంటారా?"

ఆవిడ నవ్వి, నా మోచెయ్యి మీద తట్టి, "ఆ దేవుడే చూసుకుంటాడులే" అంది. ఏం చూసుకోవాలో చెప్పలేదు. ఒక్క కొవ్వొత్తి కొనుక్కుని వెళ్లింది.

నిజానికి మే నెల తరవాత నా బల్లలోంచి ఒక్క చెంచా కూడా పోలేదు. కొనేవాళ్లు పెళ్లి దగ్గరపడ్డాక కొందామని ఆగి ఉంటారు. అందరూ అలాగే చేస్తారు.

సెప్టెంబర్ 18, ఆదివారం

ఈ రోజు చర్చిలో మిస్ ఒడెల్ నా పక్కన కూర్చుంది. కోల్‌మన్ వాళ్లమ్మ. పాట పుస్తకం ఇద్దరం ఒకటే పట్టుకున్నాం. "ఏమన్నా తెలిసిందాండీ?" అని గుసగుసగా అడిగాను. "పనిలో ఉన్నాడమ్మా" అంది. అతని చేతులు అచ్చం ఆమెవే, వేళ్ల చివర్లు చదునుగా. పాటంతా ఆ చేతుల్నే చూశాను.

జూలై నాలుగు తరవాత అతని గొంతు వినలేదు. చమురు బావి మీద పనివాళ్లకు ఫోను లేదు. ఒడ్డుకు వచ్చినప్పుడే చేయడం కుదురుతుంది. ఒడ్డుకు రావడం కుదరడం లేదు.

సెప్టెంబర్ 22, గురువారం

వెనక గదిలో నా రకం పెద్ద ప్లేట్లు రెండు తగ్గాయి. మొన్న దుమ్ము దులిపినప్పుడు ఉన్నాయి. ప్రతి బుధవారం లాగే నిన్న మధ్యాహ్నం అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను, అప్పుడు పోయి ఉండాలి.

"ఎవరు కొన్నారు?" అని పెద్దమ్మను అడిగాను.

"కొనేవాళ్లు" అంది.

సెప్టెంబర్ 29, గురువారం

మళ్లీ బుధవారమే. ఈసారి కప్పులూ సాసర్లూ. పెద్దమ్మ దారానికి ముడి వేస్తూ నా వైపు చూడకుండా, "పేరు చెప్పొద్దన్నారు, నేను చెప్పను. నన్ను కదపకు" అంది.

పేరు చెప్పొద్దన్నారట. ఊళ్లో ఆడవాళ్లలో కానుక ఇచ్చి పేరు దాచుకునేవాళ్లు ఎవరున్నారు? మిస్ లర్లీన్ అయితే సబ్బుబిళ్ల ఇచ్చినా దాని మీద పేరు చెక్కించి ఇస్తుంది.

అక్టోబర్ 1, శనివారం

నాకు అర్థమైంది. ఇంత తేలిక విషయం ఇన్నాళ్లూ తట్టలేదు చూడు.

అతనే. తను రాలేక ఎవరి చేతనో కొనిపిస్తున్నాడు. నేను షాపులో లేనప్పుడు కొనమని చెప్పి ఉంటాడు. బుధవారం మధ్యాహ్నం నేను ఉండనని ఊరి బయటివాళ్లెవరికి తెలుసు? అతనికి తెలుసు. అమ్మ మోకాళ్ల సంగతి అతనితో ఎన్నిసార్లు చెప్పుకోలేదు. ఉత్తరాలు రాయకపోవడానికి కూడా కారణం ఇదే అయ్యుంటుంది. అతను రాస్తే ఏ రహస్యమూ దాచలేడు, మూడో లైనులోనే కక్కేస్తాడు.

పెద్దమ్మ మొహంలో కూడా ఈ మధ్య ఏదో ఉంది. నన్ను చూసి జాలిపడుతోందేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. నవ్వు ఆపుకుంటోంది.

అక్టోబర్ 6, గురువారం

పొడుగాటి ఐస్ టీ గ్లాసులు నాలుగు, వాటి పొడుగు చెంచాలు నాలుగు. ఐస్ టీ లేకుండా అతనికి ముద్ద దిగదు. క్రిస్మస్‌కి కూడా అదే తాగుతాడు. ఇంకేం రుజువు కావాలి.

రోజంతా కూనిరాగం తీస్తూనే ఉన్నాను. బల్ల మీద వెండి చెంచాలన్నీ తీసి మళ్లీ తోమాను. ఫోర్కులు ఎడమ పక్క, కత్తి కుడి పక్క పదును ప్లేటు వైపు, కత్తి పక్కన టీ చెంచా. పదేళ్లుగా చేస్తున్న పనే. ఈ రోజు చేస్తుంటే మాత్రం ఆ రెండో కుర్చీలో అతను నిజంగా కూర్చుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, ఇంకా ఎంతసేపని నన్ను తొందరపెడుతున్నట్టే ఉంది. ఎంతసేపైనా తొందరపెట్టనీ. అతను అక్కడ కూర్చుంటే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదు. రాత్రుళ్లు అతని పక్కన పడుకోవాలని ఉంది, పొద్దున్నే అతని మీద విసుక్కోవాలని ఉంది. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు, ఎవరు చదువుతారని.

అతనికి ఉత్తరం రాశాను. "నీ గుట్టు తెలిసిపోయింది" అని.

అక్టోబర్ 8, శనివారం

హైస్కూలు ప్రిన్సిపాల్‌గారి అమ్మాయి రెజీనా హోల్‌కాంబ్ వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. పెళ్లి డిసెంబర్‌లో. బల్ల మీదకు మట్టిరంగు ప్లేట్లు కావాలంది, మోటుగా, బరువుగా ఉండేవి. కప్పూ సాసరూ వద్దట, మగ్గులు చాలట. ఐస్ టీ చెంచాలు కూడా వద్దంటే వాళ్లమ్మ అక్కడే కుర్చీలో కూలబడింది. "మీ అమ్మమ్మ వింటే ఏమంటుందే?" అంది. "అమ్మమ్మ వచ్చి నా గిన్నెలు తోమదు కదమ్మా" అంది ఆ పిల్ల. నాకు నచ్చింది ఆ పిల్ల. ప్లేట్లు మాత్రం నచ్చలేదు.

తరవాత కిటికీ బల్ల దగ్గరికి వెళ్లి, "నాది ఇక్కడ పెట్టరా?" అంది.

వాళ్లమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టి లాగింది. ఊరంతా నా గురించి ఏదో అనుకుంటోందని, ఆ లాగిన తీరులోనే తెలిసింది.

వాళ్లు వెళ్లాక పెద్దమ్మ తలుపుకు గడియ పెట్టి వచ్చింది. "వెర్నా, ఆరు నెలలైంది. నీ సామాను వెనక్కి మార్చుకుందాం. తీసేయమనట్లేదు, మార్చమంటున్నాను."

"నవంబర్‌లో పెళ్లి పెట్టుకుని బల్ల వెనక్కి మారుస్తారా ఎవరన్నా?"

"నవంబర్ ఎన్నో తారీఖు?"

"అతను వచ్చాక చెబుతాడు."

"చర్చికి చెప్పావా? పాస్టర్‌గారికి చెప్పావా? కేకుకి చెప్పావా?"

"బుధవారం బుధవారం ఎవరు కొంటున్నారో నాకు తెలుసు పెద్దమ్మా. నువ్వు దాచక్కర్లేదు" అన్నాను.

పెద్దమ్మ కళ్లద్దాలు తీసింది. "తెలుసా?"

"తెలుసు. నాకు సంతోషంగానే ఉంది."

నా మొహంలోకి చాలాసేపు చూసింది. "సరే అయితే" అని లోపలికి వెళ్లింది.

అక్టోబర్ 12

ఉత్తరం లేదు. నా ఉత్తరం అందడానికే వారం పడుతుంది.

అక్టోబర్ 16, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి, లేకపోతే రేపటికి నేను దీన్ని ఇంకోలా మార్చేసుకుంటాను.

మిస్ ఒడెల్ చర్చికి రాలేదు. జ్వరమన్నారు. మధ్యాహ్నం కోడిమాంసం వేసి వండిన అన్నం గిన్నెలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. "వడ్డించుకొస్తానుండండి" అని వంటింట్లోకి నడిచాను. వెనక నుంచి "కింద అరలో పళ్లేలున్నాయి, అవి తీసుకో" అని అరిచింది. అరిచేంత ఓపిక ఉన్న మనిషి కాదు అప్పుడు. వంగడమెందుకు, చెయ్యి అందుతుంది కదా అని నేను పై అర తెరిచాను.

నా ప్లేట్లు. నా నీలి తీగ ప్లేట్లు, కప్పులు, సాసర్లు, పొడుగు గ్లాసులు. కొన్ని ఇంకా మా షాపు తెల్ల కాగితంలోనే ఉన్నాయి.

నేనేం చేశానంటే, నవ్వాను. ఒక ప్లేటు పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, "మిమ్మల్ని కొనిపెట్టమన్నాడా? మీ దగ్గరే దాచమన్నాడా? నాకు ముందే తెలుసు" అన్నాను.

ఆమె లేచి కూర్చుంది. "ఇలా రా తల్లీ. కూర్చో" అంది.

నేను కూర్చోలేదు.

"వాడు కొనమనలేదు. నేనే కొన్నా."

"ఎందుకండీ?"

"ఆగస్టులో చెప్పాడు నాకు. సముద్రం ఒడ్డున ఆ మోర్గన్ సిటీలో ఎవరో ఉంది. ఆమెకో చిన్న పాప. వాడు పని లేనప్పుడు అక్కడే ఉంటున్నాడు. వాళ్లింట్లోనే."

"ఉత్తరం రాశాడా?"

"ఫోన్లో చెప్పాడు. ఆదివారం ఆదివారం చేస్తాడు కదా."

"చమురు బావి మీద ఫోను లేదు కదండీ" అన్నాను.

ఆమె దుప్పటి సరిచేసుకుంది.

"అక్కడ పనివాళ్లకు ఫోను లేదు" అని మళ్లీ అన్నాను. రెండోసారి నాకే వినపడింది నేనేమంటున్నానో. అప్పుడు కూర్చున్నాను.

"నీకు వాడే చెప్పాలని ప్రతి వారం మొత్తుకుంటూనే ఉన్నా. వచ్చే వారం చెబుతా అంటాడు. నేను చెప్పేస్తే వాడు తప్పించుకుంటాడని నేను చెప్పలా. నేను చేసింది మంచిదో చెడ్డదో నాకే తెలీదు" అంది. "ఆ లర్లీనూ వాళ్లూ నీ బల్ల ముందు నిలబడి, మే నెల నుంచి ఒక్కటీ పోలేదు చూశావా అనుకుంటుంటే విన్నా. చూడలేకపోయా. వెళ్లి రెండు ప్లేట్లు కొన్నా. కొన్నాక, ఇలా కొంటూ ఉంటే ఏమో, వాడి మనసు తిరుగుతుందేమో అనిపించింది. ముసల్దాన్ని, నాకేం బుద్ధి చెప్పు" అంది.

ఆమెకు కళ్లనీళ్లు రాలేదు. నాకూ రాలేదు. అన్నం వడ్డించి ఇచ్చాను, కింద అరలోని పాత పళ్లెంలోనే. రెండు ముద్దలు తింది. గిన్నె అక్కడే వదిలేసి వచ్చేశాను.

అక్టోబర్ 17

తలనొప్పి అని చెప్పి షాపుకు వెళ్లలేదు. అమ్మ తలుపు దగ్గర పాలు పెట్టి వెళ్లింది.

అక్టోబర్ 18

ఆ పాపకు ఎన్నేళ్లో అడగలేదు.

అక్టోబర్ 20, గురువారం

షాపు తెరవకముందే వెళ్లి బల్ల ఎత్తేశాను. పెద్దమ్మ వచ్చేసరికి సగం అయిపోయింది. కోటు కూడా విప్పకుండా కాగితాలు చింపి ఇవ్వడం మొదలుపెట్టింది.

"నీకు తెలుసు" అన్నాను.

"ఆవిడ కొంటోందని తెలుసు. ఎందుకని అడగలేదు. మొన్న నువ్వు తెలుసన్నప్పుడు, నిజంగానే తెలుసనుకున్నా."

"నిజంగానే తెలుసనుకున్నా నేనూ."

పేర్లున్న అట్టను ఏం చేయాలో తోచలేదు. పెళ్లయితే పెళ్లికూతురికి ఇచ్చేస్తాం, దాచుకుంటుంది. పెళ్లి ఆగిపోయిన బల్లలు ఈ పదేళ్లలో ఉన్నాయి, వాటి అట్టలు నేను చెత్తబుట్టలో వేసి మర్చిపోయాను. ఇప్పుడు గుర్తొస్తున్నాయి ఒక్కొక్కరి పేర్లూ. నాదాన్ని పెద్దమ్మ నా చేతిలోంచి తీసుకుంది. ఎక్కడ పెట్టిందో చూడలేదు.

నాప్‌కిన్లు కూడా మడతలు విప్పి సర్దుతుంటే పెద్దమ్మ ఆ ఎల్ చూసింది. ఒక్క మాటన్నా అంటుందనుకున్నాను. అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పది గంటలకు అదే చోట రెజీనా హోల్‌కాంబ్ బల్ల పెట్టాను. గోధుమరంగు గుడ్డ, మట్టిరంగు ప్లేట్లు, మగ్గులు. అందంగా కుదిరిందని ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, కుదిరింది. మధ్యాహ్నం ఆ పిల్ల వచ్చి చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కుర్రాడు కూడా వచ్చాడు వెంట, టోపీ చేత్తో పట్టుకుని. "ఇందులో నాది ఏ పక్క?" అని అడిగాడు. నేను చూపించాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను.

అక్టోబర్ 21

కోపం రావాలి కదా. మోర్గన్ సిటీ ఎక్కడుందో పటంలో చూశాను. కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. కోపంతో చూడలేదు. అతను ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకోవాలనిపించింది.

అక్టోబర్ 23, ఆదివారం

చర్చి అయ్యాక మెట్ల దగ్గర మిస్ ఒడెల్ నా చెయ్యి పట్టుకుంది. "భోజనానికి రా. నీ ప్లేట్ల సంగతి తేల్చుకుందాం" అంది. తిరిగి ఇచ్చేస్తానంటుందేమో, షాపుకు వెనక్కి తీసుకోవాలేమో అనుకుంటూ వెళ్లాను.

వంటింటి బల్ల మీద ఇద్దరికి పెట్టింది. నీలి తీగ ప్లేట్లు, పొడుగు గ్లాసులు. చిన్న చెంచాలు కాఫీకి పెట్టినట్టు పైన అడ్డంగా పెట్టింది, ఐస్ టీ చెంచాలు మర్చిపోయింది. నేను సరిచేయలేదు. వేయించి ఉడికించిన మాంసం, బటర్ బీన్స్, అన్నం, గ్రేవీ, మొక్కజొన్న రొట్టె.

"ఇవి వెనక్కివ్వను. ఎవరి పెళ్లి కోసమూ కాదు ఇప్పుడు. ఆదివారం తినడానికి. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే ఒక్క ప్లేటు పెట్టుకు తింటా. వస్తే రెండు పెడతా" అంది.

కళ్లు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. తినడం మొదలుపెట్టాం. మాంసం మెత్తగా ఉడికింది, ఆ మాటే అన్నాను. అప్పుడు హాల్లో గోడ మీది ఫోను మోగింది.

మేం అన్నం దగ్గర కూర్చుంటే ఫోనుకు లేవం. ఊళ్లో ఎవరూ లేవరు, అందుకే ఆదివారం ఆ వేళకు ఎవరూ చేయరు కూడా. మిస్ ఒడెల్ గ్రేవీ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మోగనీ" అంది. ఆగింది. మళ్లీ మోగింది.

"తీయండి. మీ అబ్బాయి" అన్నాను.

వెళ్లింది. తలుపులోంచి ఆమె వీపు కనబడుతోంది. "ఆ. తగ్గింది. తింటున్నా. లేదు, ఒక్కదాన్నే కాదు." ఇంకాస్త గోడ వైపుకి తిరిగింది. "వెర్నా ఉంది" అంది.

తరవాత ఇటు తిరిగింది. ఫోను నా వైపు చాచింది, తీగ ఎంతదాకా వస్తే అంతదాకా. నా కుర్చీకీ ఫోనుకూ మధ్య రెండు మూరల దూరం ఉంటుంది. నేను లేవలేదు. "అమ్మా? అమ్మా, ఉన్నావా?" అంటున్నాడు. అదే గొంతు. కాస్త బొంగురుగా, నిద్రలోంచి లేచినట్టు. జూలై నుంచి ఈ గొంతు కోసం నేను చేయని పిచ్చి పని లేదు, నాలుగు గుడ్డలు మార్చాను.

మిస్ ఒడెల్ చెయ్యి దింపలేదు. అతనూ ఆగాడు. ఆగి, "వెర్నా?" అన్నాడు.

ఇంకొక్కసారి పిలిచి ఉంటే లేచి వెళ్లేదాన్ని. వెళ్లి ఏమనేదాన్నో కూడా నాకు తెలుసు. తిట్టేదాన్ని కాదు. ఆ మనిషి గురించీ ఆ పాప గురించీ అడిగేదాన్ని కాదు. ఇంటికి రా అనేదాన్ని. అతను మళ్లీ పిలవలేదు. పెట్టేశాడు.

మిస్ ఒడెల్ వచ్చి కూర్చుంది. గ్రేవీ చల్లారిందని లేచి మళ్లీ వేడి చేసింది. ఇద్దరం మొత్తం తిన్నాం. నేను గిన్నెలు కడుగుతుంటే ఆమె తుడిచింది. వచ్చేటప్పుడు గుమ్మంలో నిలబడి, "వచ్చే ఆదివారం కూడా వస్తావా?" అని అడిగింది.

హాల్లో గోడ మీది ఫోను వైపు చూసి, వస్తానన్నాను. ఆమె వంట కోసం కాదని ఆమెకూ తెలుసు.